ఉతకని చీర

అమ్మ పోయిన మూడో నెలలో మా ఇంటికి గేదె వచ్చింది.

అప్పటికి మాదాపూర్‌లో ఇళ్ళు తక్కువ, బండలు ఎక్కువ. మా స్థలానికి అవతల ఏదో కంప్యూటర్ల భవనం లేస్తోంది. మధ్యాహ్నం ఒకడు ఎర్రజెండా పట్టుకుని ఈల ఊదేవాడు. ఆ వెంటనే బండ పేలేది, వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. పాలపాకెట్ల బండి వారంలో రెండు రోజులు మా వైపు వచ్చేది కాదు. కూరలకి బోరబండ దాకా వెళ్ళాలి. అందుకని గవర్నమెంటు ఆఫీసులో గుమస్తా అయిన మావారు, ఇంటికి కావలసింది ఇంట్లోనే చేసుకుందామని నిశ్చయించారు. గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళం, పాడీ పంటా మన రక్తంలో ఉంటుందని ఆయన నమ్మకం. నిజానికి ఆయనకీ ఏమీ రాదు, నాకూ రాదు. మా పుట్టింట్లో పాలు పితికేది పాలేరు. నేను బడికి కూడా వెళ్ళలేదు. నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పిన అక్షరాలూ, స్తోత్రాలూ, ఎక్కాలూ నా చదువు. అందులో గేదె లేదు.

గేదెని తెద్దామా అని ఆయన నన్ను అడిగారు. మీ ఇష్టం అన్నాను. అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. తర్వాత వస్తుందన్నారు, అప్పుడూ రాలేదు. పొద్దున్నే దీపం పెట్టేదాన్ని. నోరు శ్లోకం చెప్పుకుంటూ పోయేది, నేను గోడ మీద ఊడిన సున్నం పెచ్చు వైపు చూస్తూ ఉండేదాన్ని. భగవంతుడు అందుకు నా మీద కోపగించుకోలేదు. ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

నాకు పని నేర్పింది పక్క షెడ్డులో ఉండే పెద్దమ్మ. పాలమూరు వైపు మనిషి. మొగుడు ఆ భవనం దగ్గర వాచ్‌మన్, ఈమె అక్కడే కొత్త గోడలకి నీళ్ళు కొట్టేది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద కాబట్టి నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆమె బిడ్డా అనేది. గోంగూర విత్తనం ఎంత పల్చగా చల్లాలో, కందులకి ఎర్రమన్ను పట్టించి ఎలా ఎండబెట్టాలో, గేదెకి కుడితి ఎలా కలపాలో, అన్నీ ఆమే చూపించింది. పాలు పితకడం కూడా.

"గట్ల గిల్లకు బిడ్డా, అది బర్రె, నీ మొగుడు గాదు" అంది మొదటి రోజు. మావారు పక్కనే చెంబు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

గేదె తనంతట తాను పాలివ్వదని నాకు అప్పుడే తెలిసింది. ముందు దానితో వచ్చిన దూడని వదలాలి. అది నాలుగు గుక్కలు తాగితే, తల్లి దాన్ని నాకితే, పాలు పొదుగులోంచి చన్నుల్లోకి దిగుతాయి. దాన్నే చేపడం అంటారు. చేపాక దూడని పక్కకి లాగి మనం కూర్చోవాలి. పది రోజుల్లో నా వేళ్ళకి పట్టు దొరికింది. దానికి సంతోషించానని చెప్పలేను. పట్టు దొరికింది, అంతే.

పన్నెండో రోజు దూడకి పారుడు పట్టుకుంది, ఒకటే విరేచనాలు. పశువుల డాక్టరు మందు ఇచ్చి వెళ్ళాడు. రెండు రోజులు దాని తల నా ఒళ్ళో పెట్టుకుని గంజి పట్టించాను. మంగళవారం పొద్దున, కాఫీ వేళకి, అది చనిపోయింది. మావారు గడ్డపారతో గొయ్యి తీశారు. కింద బండ తగిలి లోతు రాలేదు. దూడకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్త తువ్వాలు చుట్టి, నాకు వచ్చిన శ్లోకం చెప్పి పూడ్చాం. పాకంతా ఫినాయిలుతో కడిగాను. అది పడుకున్న గోనెసంచి కాల్చేశాను. అన్నీ పద్ధతిగా చేశాననుకున్నాను.

పని దిగి వచ్చిన పెద్దమ్మ పాకలోకి తొంగి చూసింది.

"దుడ్డె ఏది?"

"పోయింది పెద్దమ్మా. పూడ్చిపెట్టాం."

"తోలు తీసినంకనా?"

నాకు అర్థం కాలేదు. ఆమె నెత్తి మీది గంప దింపి కూలబడింది. దూడ పోతే తోలు తీయించి, గడ్డి కూరి, బొమ్మ చేసి తల్లి ముందు నిలబెడతారట. తల్లి దాన్ని నాకుతూ చేపుతుందట. ఆ పని చేసే మనిషి రాయదుర్గంలో ఉన్నాడట.

"పసుపు కుంకుమ వెట్టి బొంద వెట్టినవా? అయ్యో పిచ్చి బిడ్డా. అది సచ్చినదానికి చేసే మర్యాద. బతికున్నదాని సంగతేంది ఇప్పుడు?"

ఆ సాయంత్రం గేదె నన్ను దగ్గరికి రానివ్వలేదు. బుధవారం చెంబుని తన్నింది. పొదుగు రాయిలా గట్టిపడింది. వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టాను. తవుడులో బెల్లం కలిపి పెట్టాను. తవుడు తింది, పాలు దించలేదు.

మావారు చెడ్డవారు కాదు. "డెయిరీల్లో పాలు దిగడానికి సూది వేస్తారట, వేయిద్దామా?" అన్నారు. వద్దని పెద్దమ్మ అడ్డుపడింది. "సూదికి అలవాటు పడితే ఇగ చెయ్యికి ఇయ్యదు సారూ" అంది. గేదెని మాకు ఇప్పించిన బేరగాడు ఆదివారం వస్తానన్నాడనీ, అప్పటికీ పాలు రాకపోతే తోలుకుపొమ్మంటాననీ మావారు చెప్పారు.

"తీసుకెళ్ళి ఎవరికి అమ్ముతాడండీ?"

ఆయన నా వైపు చూడలేదు. "దూడా లేక, పాలూ లేక, ఎవరు కొంటారే దాన్ని?"

కబేళా అన్న మాట ఆయన అనలేదు. నేనూ అనలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు సూదితో పొడిస్తే ఎక్కడో దూరంగా తెలుస్తుంది చూడండి, అలా తెలిసింది నాకు. ఈ గేదె పోకూడదు. అంతకంటే గట్టిగా ఏమీ అనిపించలేదు. కానీ మూడు నెలల్లో అనిపించింది అదొక్కటే.

గురువారం పెద్దమ్మ పాకంతా వెతికింది. "దాని వాసన పట్టింది ఏమన్న ఉన్నదా ఇంట్ల? గోనెసంచి? తాడు?"

"అన్నీ కాల్చేశాను. మిగతావి కడిగేశాను."

"నీ శుభ్రం సల్లగుండ" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. దూడ తలని ఒళ్ళో పెట్టుకున్న రెండు రోజులూ నా ఒంటి మీద ఒకే చీర, పాత నేత చీర. మంగళవారం స్నానానికి వెళ్ళి విప్పి, గది మూలకి తన్నేశాను. మా ఇళ్ళల్లో అలాంటి బట్ట అప్పటికప్పుడు తడిపేస్తాం. అదొక్కటీ తడపలేదు. తడపాలని తెలుసు, చెయ్యి రాలేదు. రోజూ దాన్ని చూస్తూనే దాటిపోయాను.

తెచ్చి చూపిస్తే పెద్దమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంది. "మంచిగున్నది. నీ మొగుని సెంటు కంటె నయం. ఇది కట్టుకొని కూసో."

"పాకలో వేలాడదీస్తే చాలదూ?"

"గాలికి వాసన పోతది. నీ ఒంటి మీదుంటెనే అది నమ్ముతది."

స్నానం చేసి మైల చీర కట్టుకోవడం నా జన్మలో చేయలేదు. అమ్మ చూస్తే గడప తొక్కనిచ్చేది కాదు. కట్టుకున్నాను. దూడ పారుడు ఎండి కుచ్చిళ్ళు అట్టకట్టి ఉన్నాయి. వాసనకి నాకు వాంతి రావలసింది. అదీ రాలేదు.

గురువారం సాయంత్రం గేదె నా భుజం వాసన చూసి తల తిప్పుకుంది. శుక్రవారం పొద్దున కొంగు నాకింది. చెయ్యి వేస్తే మాత్రం తోక విసిరింది. శుక్రవారం సాయంత్రం ఒడి దగ్గర మూతి పెట్టి చాలాసేపు అలాగే ఉంది. ఊపిరి వేడిగా తగిలింది. పాలు రాలేదు.

"పెద్దమ్మా, ఇది మోసం కదూ?" అన్నాను.

"మోసమేంది? దానికి ఎరుక లేదనుకున్నవా? నువ్వు దుడ్డెవు కాదని కండ్లకు కనవడదా? పొదుగు నొస్తది బిడ్డా. దించుకుందామంటె దానికొక సాకు గావాలె. నువ్వు గదే ఇస్తున్నవ్."

శనివారం పొద్దున పాకలోకి వెళ్ళి దాని ముందు కూర్చున్నాను. ఒళ్ళంతా నాకనిచ్చాను. దాని నాలుక గరుకుగా ఉంది. మెడ, వీపు, చెవి వెనక. ఎంతసేపు నాకిందో తెలియదు. గొంతులోంచి సన్నగా ఒక శబ్దం చేసింది, దూడ ఉన్నప్పుడు చేసేదే. పెద్దమ్మ వెనకనుంచి మెల్లగా అంది: "చేపుతున్నది. కదలకు... ఇగ పొదుగు కాడ కూసో."

ఆముదం రాసుకున్న వేళ్ళతో పట్టుకున్నాను. మొదట రెండు చుక్కలు. తర్వాత ధార. చెంబు అడుగున చప్పుడు. అర చెంబు వచ్చాయి. ఆ పాలు కాచి దేవుడి ముందు పెట్టాను. మైల చీరతో పితికినవని ఆయనకి తెలుసు. ఏమీ అనలేదు.

ఆదివారం బేరగాడు తాడు భుజాన వేసుకుని వచ్చాడు. నేను పాకలోనే ఉన్నాను. అతను గుమ్మం దగ్గర ఆగి ముక్కు మూసుకున్నాడు. "ఏందమ్మా ఈ వాసన?"

"మాట్లాడకయ్యా, చేపుతోంది" అన్నారు మావారు. ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడగా నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు.

ముప్పావు చెంబు వచ్చాయి. మావారే లోపలికి వెళ్ళి ఆ పాలతో టీ పెట్టి అతనికి ఇచ్చారు. అతను ఊదుకుంటూ తాగాడు, చిక్కగున్నయి అన్నాడు. గేదె చుట్టూ ఒకసారి తిరిగి, పొదుగు తట్టి చూసి, తాడు భుజాన సర్దుకుని వెళ్ళిపోయాడు.

మావారు గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డారు. "ఆ చీర ఇంకా ఎన్నాళ్ళే?"

"గేదె చాలనేదాకా అండీ" అన్నాను.

గేదె మళ్ళీ నా భుజం మీద మూతి పెట్టింది. ఒక పక్క పొదుగులో ఇంకా కొంచెం గట్టిదనం ఉంది. వేళ్ళకి ఆముదం రాసుకుని అటువైపు తిరిగి కూర్చున్నాను.