కోడలి పరిశోధనకు తోడుగా పలాస, టెక్కలి

సెల్‌ఫోను మా ఇంట్లోకి అప్పుడే వచ్చిన రోజులు. కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున దీపం పెట్టుకుని, ఏడు నెలల మనవరాలు చిన్నిని ఎత్తుకుని, కోడలు కల్యాణితో విశాఖపట్నంలో పలాస పాసింజరు ఎక్కాను. తీర్థయాత్రకు కాదు, కోడలి చదువు కోసం.

కల్యాణి యూనివర్సిటీలో డాక్టరేటుకు పరిశోధన చేస్తోంది. దేశం సరిహద్దు దాటి వ్యాపారం మొదలుపెట్టే చిన్న వ్యాపారుల గురించి. ఇంటర్నేషనల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ అంటారట. ముందు ముందు దానిమీదే పరిశోధన చేస్తూ బతకదలచిన విద్యార్థులకు వాళ్ళ గైడుగారు తర్ఫీదు ఏర్పాటు చేశారు. ఒక్కొక్కరూ ఒక్కో చోటికి వెళ్ళి వ్యాపారులతో మాట్లాడాలి. చివరి రోజు అందరూ టెక్కలిలో ఒక కాలేజీకి చేరి, హైదరాబాదు నుంచి వచ్చే ప్రొఫెసరుగారికి చెప్పుకోవాలి. ఆయన అప్పటికే కల్యాణి విషయం మీద పెదవి విరిచారు. "పలాసలో అంతర్జాతీయం ఎక్కడుందమ్మా? చూపించలేకపోతే విషయం మార్చుకో" అన్నారట. మార్చుకుంటే రెండేళ్ళ కష్టం గంగలో కలిసినట్టే. పాలు తాగే పిల్లతో ఎలా వెళ్ళాలా అని అది దిగులుపడుతుంటే, నేనొస్తానన్నాను.

ఈ దారిన వెళ్ళేవారు కుడివైపు కిటికీ పట్టుకోండి. నౌపడా దగ్గర ఉప్పుమళ్ళు ఎండకు తళతళలాడుతూ కనిపిస్తాయి. కోటబొమ్మాళిలో ఎక్కిన ఒకావిడ చిన్నికి అరటిపండు గుజ్జు తినిపిస్తూ అడిగింది.

"కోడలు ఏటి సదువుతంది పిన్నీ?"

"పెద్ద చదువమ్మా" అన్నాను. అంతకు మించి చెప్పడం నాకు చేతకాలేదు. మా నాన్నగారు వసారాలో పలక పెట్టి నేర్పిన తెలుగే నా చదువంతా.

"అత్తని ఎంటేసుకుని సదువుకెల్లే కోడల్ని ఇదే సూడ్డం!" అని ఆవిడ నవ్వింది. కల్యాణి కూడా నవ్వింది గానీ, ఒళ్ళో కాయితాలు వదల్లేదు.

పదిన్నర దాటాక పలాసలో దిగి, పక్కనే ఉన్న కాశీబుగ్గలో లాడ్జి తీసుకున్నాం. శుభ్రమైన గది. అడిగితే వేణ్ణీళ్ళు ఇస్తారు. ఇడ్లీలు తిని జీడి ఫ్యాక్టరీలకు ఆటోలో బయలుదేరాం. ఆ వీధుల్లో కాల్చిన జీడిపిక్కల వాసన బట్టలకు పట్టేస్తుంది.

మొదటి ఫ్యాక్టరీలో వరుసగా కూర్చుని ఆడవాళ్ళు పప్పు మీది పొట్టు వలుస్తున్నారు. చిన్నిని ఒక మూల తువ్వాలు పరిచి పడుకోబెట్టబోయాను.

"అలగ కిందెట్టేత్తారేటమ్మా! జీడి తగిల్తే పిల్ల ఒళ్ళు పొక్కిపోద్ది. ఇలగియ్యండి" అంటూ ఒకామె అందుకుంది. అక్కడి తల్లులు ఉతికి ఆరేసిన గోనెసంచిని దూలానికి ఉయ్యాలలా కట్టి, పాత చీర పరిచి బిడ్డల్ని పడుకోబెట్టి పనిచేసుకుంటారు. అలాంటి ఉయ్యాలలోనే మా చిన్ని హాయిగా నిద్రపోయింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

యజమాని నడివయసు మనిషి. కల్యాణి మొదటి ప్రశ్న అడిగింది. "మీరు విదేశాలకు సరుకు పంపుతారా?"

"మేం ఏ దేశానికీ పంపమమ్మా. బ్రోకరొత్తాడు, పట్టుకుపోతాడు. అక్కణ్ణించి బొంబాయి ఎల్తాదో, దుబాయి ఎల్తాదో మాకేటి తెలుసు?"

లేదన్నవారిని ఇంకేమీ అడగనక్కర్లేదని కల్యాణి ప్రశ్నల కాయితంలో ఉంది. దణ్ణం పెట్టి లేచింది. పొద్దుగూకేదాకా తిరిగినా ప్రతిచోటా అదే మాట. గదికి వచ్చాక పిల్లకు పాలిస్తూ, "ఆ ప్రొఫెసరుగారు చెప్పిందే నిజమేమో అత్తయ్యా" అంది. కిటికీలో దీపం పెట్టి, మనసులో నామం చెప్పుకుంటూ దాని తల నిమిరాను.

మర్నాడు రైతుల్ని అడుగుదామని, సముద్రం పక్క తోటల సీమ ఉద్దానం వెళ్ళాం. వజ్రపుకొత్తూరు వైపు బస్సులు తరచుగా ఉండవు, వెళ్ళేవారు పొద్దున్నే బయలుదేరండి. దారికి రెండు పక్కలా కొబ్బరి, జీడిమామిడి. ఎక్కడ ఆగినా సముద్రం హోరు. ఒక రైతు ఇల్లాలు మాకు కొబ్బరినీళ్ళిచ్చి, కాయలు లేని జీడిచెట్ల కింద కూర్చోబెట్టింది.

"పిక్కలేవీ లేవే?" అంది కల్యాణి.

"ఎండల్లో రాల్తాయి గానీ ఇప్పుడెక్కడివమ్మా? వానలు పడేసరికే తోట కాళీ. ఉన్నయ్యన్నీ ఎప్పుడో అమ్మేసినాం."

కల్యాణి గ్లాసు కింద పెట్టేసి నావైపు తిరిగింది.

"తోటలన్నీ ఖాళీ. మరి నిన్న ఫ్యాక్టరీల్లో అన్ని బస్తాల పిక్కలు ఎక్కణ్ణించి వచ్చాయి అత్తయ్యా? పాప పడుకున్న గోనె మీద ఏదో రాసుంది కదూ?"

"ఆ అక్షరాలు నాకు రావు కదమ్మా. ఏనుగు బొమ్మ మాత్రం ఉంది."

తిరుగు బస్సు పట్టుకుని నేరుగా ఆ ఫ్యాక్టరీకే వెళ్ళాం. ఉయ్యాలలో ఇంకెవరి బిడ్డో ఉంది. కల్యాణి వంగి గోనె మీది అక్షరాలు కూడబలుక్కుంది. ఆఫ్రికాలో ఒక రేవు పేరు.

"మీరు విదేశాలతో వ్యాపారం చెయ్యమన్నారే!" అంది యజమానితో.

ఆయన తెల్లబోయాడు. "పంపుతావా అనడిగినావు, పంపనన్నాను. తెత్తావా అనడిగితే సెప్పనేటమ్మా?"

ఆ తరవాత మేం అడగకుండానే చెప్పుకుపోయాడు. ఇక్కడి పిక్క చాలక ఏటా సగం నెలలు ఫ్యాక్టరీ మూసేవారట. నలుగురు యజమానులు కలిసి, పిక్కల కోసం ముక్కూమొహం తెలియని ఆఫ్రికా వ్యాపారికి డబ్బు పంపించారట. "ఓడ విశాఖ రేవుకొచ్చిందాకా మా ఇంటిది పొయ్యి ఎలిగించినాది గానీ, నాకు ముద్ద దిగనేదు" అన్నాడు. ఇప్పుడు ఏడాది పొడుగునా పని. కల్యాణి రాస్తూనే ఉంది. చిన్ని ఏడిస్తే నేను వీధిలోకి తీసుకుపోయాను గానీ కల్యాణిని కదపలేదు. మేం వచ్చేస్తుంటే ఆయన ఉతికిన గోనె ఒకటి మడిచి, "పిల్లకి ఉయ్యాల కట్టుకోండి" అని నా చేతికిచ్చాడు.

మూడోరోజు పొద్దున్నే హైవే మీద బస్సెక్కి టెక్కలి చేరాం. నన్నూ హాల్లో వెనక బెంచీ మీద కూర్చోనిచ్చారు. కల్యాణి తన మొదటి ప్రశ్న తప్పని అందరి ముందూ తానే చెప్పింది. "అమ్మేవాడే అంతర్జాతీయ వ్యాపారి అనుకుని వెళ్ళాను సార్. కొనడానికి సముద్రం దాటినవాళ్ళు పలాసలో ఉన్నారు" అంటూ గోనె విప్పి పట్టుకుంది. హైదరాబాదు ప్రొఫెసరుగారు ప్రశ్న మీద ప్రశ్న వేశారు. డబ్బు మునిగితే ఏం చేసేవారు? ఆ వ్యాపారిని ఎలా నమ్మారు? తెలిసినవి చెప్పింది. తెలియనివి, "ఇంకా అడగాలి సార్" అంది. నా చేతుల్లో చిన్ని, పెదవుల మీద నామం.

చివరికి ఆయన కళ్ళజోడు తీసి, "విషయం మార్చొద్దు" అన్నారు. గైడుగారు లేచి, "వచ్చే బ్యాచికి ప్రశ్నలు రాయడం నువ్వే నేర్పాలి కల్యాణీ" అన్నారు. భగవంతుడా, ఆ మాట వినడానికి నన్ను అక్కడ కూర్చోబెట్టావు.

టెక్కలి నుంచి ఆటోలో నౌపడా స్టేషనుకు వచ్చి సాయంత్రం రైలెక్కాం. సీటు మీద గోనె పరిచి చిన్నిని పడుకోబెట్టాను. ఎదుటి సీట్లో ముసలాయన కళ్ళు చిట్లించి చూశాడు.

"ఏటమ్మా, గోనె మీద ఆ రాతలు?"

ఆ అక్షరాలు నాకు ఇప్పటికీ రావు. అయినా వాటి మీద వేలు పెట్టి మొదలుపెట్టాను. ఏ రేవులో ఓడ బయలుదేరిందో, దాన్ని పలాసవాళ్ళు ఎందుకు రప్పించుకున్నారో, నా కోడలు ఏం చదువుతోందో, వరుసగా చెప్పాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటినా నా మాట ఆగలేదు. కల్యాణి కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంది. నేనొక చోట రేవు పేరు తప్పు పలికితే, కళ్ళు తెరవకుండానే సరిచేసింది.