కాలని ఫ్యూజు

మా మేస్త్రీ పోయాడని మదనపల్లె నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కుప్పంలో, రాయి పాలిష్ చేసే మిల్లులో ఉన్నాను. చేతిలో కాలిపోయిన ఫ్యూజు ఉంది. ఫోన్ పెట్టేశాక కూడా దాని మీది అక్షరాలన్నీ చివరిదాకా చదివి, చీటీ మీద రాసి, ఆ తర్వాతే బస్సెక్కాను. అది ఆయన నేర్పిన అలవాటు.

పుంగనూరు దారిలోని ఒక టమోటా గుజ్జు ఫ్యాక్టరీలో ఆయన కరెంటు మేస్త్రీ. నేను ఆయన కింద పనిచేశాను. అక్కడ ఒక్కో మిషను ఒక్కో దేశానిది. వాటి ఫ్యూజులు మన అంగళ్లలో దొరకవు, సరితూగేది వెతకాలి. కాలిన ప్రతి ఫ్యూజుకూ మేస్త్రీ దారంతో చీటీ కట్టేవాడు. ఎన్ని ఆంపియర్లు, ఎన్ని వోల్టులు, ఎంత షార్టును ఆపగలదు, ఏ రకం, ఏ కొలత. ఈ ఐదూ రాసేదాకా కొత్తది తేనిచ్చేవాడు కాదు.

"అమెరికావోళ్ల నూరు ఆంపియర్లూ మన నూరూ ఒగటి కాదప్పా. నూరు దాటినాక ఎంతసేపు ఓర్సుకుంటాదో సూడు. నంబరొకటేనని పక్కింటోడి సెప్పులేసుకోని పోతావా?" అనేవాడు.

నెమ్మది మనిషి కాదు. తప్పు చేస్తే అందరి ముందే తిట్టేవాడు. మధ్యాహ్నం మాత్రం తన అన్నంలో సగం డబ్బా మూతలో పెట్టి, మాట్లాడకుండా నా వైపు జరిపేవాడు.

ఒకరోజు ఆయన మధ్యాహ్నం నుంచి సెలవులో ఉన్నాడు. బయట టమోటా లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. పెద్ద లైను ఫ్యూజు పోయింది. సూపర్‌వైజరు తొందరపెట్టాడు. స్టోరులో అదే కొలతది, అదే నూరు ఆంపియర్లది దొరికింది. రకం అక్షరాలే వేరు. తీసినదాని మీద జీజీ, దొరికినదాని మీద ఏఎమ్. చూశాను. చూసి కూడా పెట్టాను. సరిగ్గా కూర్చుంది. చీటీ రాయలేదు.

ఏఎమ్ మోటార్లకు వేసే రకం. షార్టయితే కాలుతుంది. లోడు మెల్లగా పెరిగితే జీజీలా కాలదు, అది కనిపెట్టి లైను ఆపడానికి పక్కన రిలే ఉండాలి. ఆ లైనుకు రిలే లేదు. మూడో రోజు లోడు పెరిగింది. ఫ్యూజు కాలలేదు, కేబులు కాలింది. పొగ నిండిన గదిలోకి మేస్త్రీ మూతికి తువ్వాలు చుట్టుకుని పోయి మెయిన్ దించాడు. కుడిచేతి వేళ్లు కాలి అతుక్కుపోయాయి. పొగ పట్టిన ఛాతీ మళ్లీ బాగుపడలేదు.

యజమాని ఆస్పత్రికి వచ్చి, ఆ ఫ్యూజు ఎవరు వేశారని అడిగాడు.

"నేనే," అన్నాడు మేస్త్రీ. తొందరపెట్టిన సూపర్‌వైజరు, తన మీదికి రాకుండా, ఔనన్నాడు.

నేను మంచం పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. యజమాని పోయాక అడిగాను.

"యాల అట్ల సెప్పినావు మేస్త్రీ?"

"ఈ సెయ్యి ఇంగ పనికి రాదు. నీది వస్తాది. ఇంగనన్నా ఐదూ రాయి."

ఆ వారమే ఆయన్ను తీసేశారు. ఫ్యూజులు తెలియని మేస్త్రీ అని ఊళ్లో నవ్వారు. ఆయన విన్నాడు, నేనూ విన్నాను. అప్పటి పనివాళ్లెవరైనా ఇది చదువుతుంటే తెలుసుకోండి, అది వేసింది ఆయన కాదు.

నేను చేరేసరికి మట్టి చేసేశారు. ఆయన భార్య ఒక రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. నిండా కాలిన ఫ్యూజులు, చీటీలు. అడుగున ఆ ఏఎమ్ ఫ్యూజు ఉంది. దాని చీటీ మీద ఐదూ రాసి ఉన్నాయి, ఎడమచేత్తో, వంకర అక్షరాలతో.

"ఇదొగటీ కాలిందే కాదంట," అందామె. "పారేస్తానంటే ఒప్పుకోలా. ఎవురిదంటే సెప్పలా."

"నేనేసిందమ్మా. ఆపొద్దు ఆడ పెట్టింది నేను, మేస్త్రీ కాదు."

ఆమె నా రెండు చేతుల వైపూ చూసింది.

"మరి ఆయప్పను యాల తీసేసినారు?"

జేబులోని మీటరు తీసి ఫ్యూజు రెండు కొసలకూ ఆనించాను. ఇంకా బాగానే ఉందని కుయ్యిమంది. చెయ్యి తీయలేకపోయాను. ఆ కూత ఆగకుండా మోగుతూనే ఉంది.