మోకరించేంత గుడారం

కిరందుల్ రైలు మార్గంలో పనిచేసి రిటైరయిన ఆయనను మా చర్చి సంఘంలో అందరం పెదనాన్న అనేవాళ్లం. ఎక్కడికి వెళ్లినా ముందు మోకరించేవాడు. బస్టాండులోనైనా సరే, తువ్వాలు పరచి మోకాళ్లూనేవాడు.

బాసగూడ అవతలి అడవి పల్లెలకు వీపున మూటతో ఒంటరిగా నడిచి వాక్యం చెప్పి వచ్చేవాడు. తనకు పడక ఇచ్చినవాళ్లను ఊరివాళ్లు వెలివేస్తున్నారని తెలిశాక, తేలికపాటి గుడారం కొందామని నన్ను జగదల్‌పూర్ తీసుకెళ్లాడు.

దోమతెర ఉన్న చిన్న గుడారం వేయించి లోపల మోకరించాడు. కప్పు తలకు తగిలింది.

“పండుకునేతందుకే గదా పెద్దాయనా!” అని నవ్వాడు దుకాణదారు.

“నాను తల వంచేది దేవుడి కాడే బాబూ, గుడ్డ కాడ కాదు.”

ఎత్తూ తెరా రెండూ ఉన్నది ఆయన పింఛనుకు అందలేదు, వీపుకూ బరువే. చివరికి తెర లేని, ఎత్తయిన, పలుచనిది ఎంచుకున్నాడు.

“జంగల్‌ల దోమలు సంపుతయ్,” అన్నాడు దుకాణదారు.

“దోమల్ని సేసినోడూ ఆ దేవుడే కదేటి. ఆయనకి సెప్పుకుంటాను.”

వానలు మొదలయ్యాక జ్వరంతో తిరిగొచ్చాడు. గీదం ఆసుపత్రిలో మలేరియా మెదడుకెక్కిందన్నారు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. పెదనాన్న కళ్లు తెరవకుండానే పోయాడు.

సమాధి దగ్గర ప్రార్థన నన్ను చేయమన్నారు. ఎందరి ఇళ్లలోనో, పసిబిడ్డల శవపేటికల ముందు కూడా, ఇది ప్రభువు చిత్తమని నిబ్బరంగా చెప్పినవాణ్ని. ఆ రోజు కళ్లు మూసుకుని నిలబడిపోయాను. విశ్వాసం పోలేదు. ప్రభువు వింటున్నాడని తెలుసు. అందుకే ఆ మాట అనలేకపోయాను.