కిటికీకాడి అన్న

కడప బస్టాండులో కర్నూలు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకున్నాను. ఎక్కి చూస్తే ఆ సీట్లో ఒకావిడ కూర్చుని ఉంది. నా తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఇలాంటివి నేను మరిచిపోను. క్రిస్మస్‌కు చర్చి పందిరి వేసినవాళ్ళ పేర్లు చదువుతూ పాస్టరు నా పేరు వదిలేశాడని మూడేళ్ళుగా ఆ గడప తొక్కలేదు.

"తువ్వాలు కనపడలేదామ్మా?"

"కింద పడింటే తీసినాన్నా. రా, కూర్చో," అని కిటికీ వైపు నాకు వదిలి పక్కకు జరిగింది.

మైదుకూరు దాటినా ఆవిడ తల మీద కొంగు వేసుకుని, కళ్ళు మూసుకుని పెదవులు కదిలిస్తూనే ఉంది.

"నన్ను తిట్టుకుంటాండావా?"

"లేదన్నా, ప్రార్థన చేస్తాండా. కర్నూలు పెద్దాసుపత్రిలో నా కొడుకును ఆపరేషనుకు తీసుకుపోతాండారని ఫోనొచ్చింది."

ఆ మాట అంత నిదానంగా ఎలా చెప్పగలిగిందో నాకు అర్థం కాలేదు. "భయం లేదా?"

"శానా ఉండాది. ప్రభువుకు చెప్పుకుంటే కొంచెం తగ్గుతాది. మళ్ళా మొదలైతే మళ్ళా చెప్పుకుంటా." నవ్వింది. "నీ గురించి కూడా చెప్పినాలే. పేరు తెలీదు కదా, కిటికీకాడి అన్నకు కోపం తగ్గించమని అడిగినా."

కర్నూల్లో ఆవిడ గబగబా దిగిపోయింది.

ఆ ఆదివారం మా చర్చికి పోయాను. ఎవరికోసం ప్రార్థించాలో చెప్పమంటే లేచి, "కర్నూలు పెద్దాసుపత్రిలో ఒకమ్మ కొడుకు ఉన్నాడు," అన్నాను. పేరేమిటని పాస్టరు అడిగాడు. పేరు లేకపోయినా ఫరవాలేదని ఆయనకు నేనే చెప్పాల్సి వచ్చింది.