రెండు మీటర్ల మెరూన్ గుడ్డ

ఆరేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. కాలు పోయిన బాధకు ఎలాగో అలవాటు పడ్డాను గానీ దీనికి పడలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాను. మధ్యలో నన్ను ఓదార్చాలనిపిస్తే కాస్త ఆగండి. చివరిదాకా చదివాక అనిపించకపోవచ్చు.

వరంగల్ మట్టెవాడలో మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు ముక్కలు, ఫాల్స్, లైనింగు గుడ్డ అమ్ముతాం. ఎవరైనా చీర తెచ్చి కౌంటరు మీద పెడితే, దానికి కలిసే రంగు ఏ అరలో ఉందో తల తిప్పకుండానే చెప్పగలను. పదకొండేళ్ల కిందట మేము వస్తున్న ఆటో బోల్తా పడింది. నా భర్త అక్కడికక్కడే పోయాడు. నా కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఆ తర్వాత కొట్టు మా మరిది చేతికి వచ్చింది. అతను చెడ్డవాడు కాదు. పెట్టుడు కాలితో నేను మొదటిసారి కొట్టుకు వెళ్లిన రోజు, "నొస్తే ఇంట్ల కూసో వదినా, ఎవలేమంటరు," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కానీ ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో అప్పటికే ఎనిమిది నెలలు చూశాను. గోడ, ఫ్యాను, వచ్చిపోయేవాళ్ల జాలి. ఆ రోజు నుంచి ఎవరు "మంచిగున్నవా?" అన్నా "మంచిగున్న" అనడమే, అదీ నవ్వుతూ అనడమే. మా వైపు ఆ మాట అడిగేవాళ్లకు నిజంగా జవాబు అక్కర్లేదు, మాటకు మాట అప్పజెబితే చాలు. నేను ఎంత బాగా అప్పజెప్పానంటే బజారంతా నన్ను పాజిటివ్ అక్క అనడం మొదలుపెట్టింది. ఎవరికి ఏ దెబ్బ తగిలినా నా దగ్గరికి తీసుకొచ్చేవారు, చూసి నేర్చుకోమని. అది నాకు నచ్చింది. ఇదీ ఒప్పుకోవాలి, చాలా నచ్చింది.

నిజమేమిటంటే, లేని కాలు నొప్పి పెడుతుంది. లేని బొటనవేలును ఎవరో పట్టుకుని మెలిపెడుతున్నట్టే ఉంటుంది. మోకాలి కింద మిగిలిన మొండేమో పెట్టుడు కాలు తొడుక్కునే గిన్నెలో ఒరుసుకుని పుండు పడుతుంది. మెత్తగా ఉంటుందని కాటన్ లైనింగు గుడ్డ చుట్టుకునేదాన్ని. తెల్లదైతే మరక కనిపిస్తుంది, మా ఇంట్లో బట్టలు ఆరేసేది తోడికోడలు. అందుకని మెరూన్ వాడేదాన్ని. నెత్తురు మెరూన్‌లో కలిసిపోతుంది. రంగులు కలపడం నా పనే కదా.

రాజేశం మా ఊళ్లోనే, కాశిబుగ్గలో మగ్గం నేసేవాడు. లారీ తగిలి అతనికీ నాలాగే మోకాలి కింద కాలు పోయింది. గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతూ నేసే మగ్గం అది, ఒంటి కాలితో సాగదు. పెట్టుడు కాలు పెట్టించుకున్న కొత్తలో అతని భార్య సుగుణ ఒక మధ్యాహ్నం అతన్ని మా కొట్టుకు తీసుకొచ్చింది. స్టూలు వేయించి కూర్చోమన్నాను. సుగుణ మా మరిదితో మాట్లాడుతుంటే అతను నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, నిజం జెప్పు. లేని ఏలు నొస్తదా? నాకు గుంజుతాంది. ఇంట్ల జెప్తే పిచ్చి లేశిందా అంటాండ్లు. గిన్నెల జర పుండు గూడ అయింది. దవాఖానకు పోవాల్నా?"

ఆ క్షణాన నా బొటనవేలు కూడా మెలిపడుతూనే ఉంది. అవును తమ్మీ, పో. ఇంతే అనాల్సింది. కానీ మా మరిది మాట ఆపి ఇటు చూశాడు. సుగుణ చూసింది. జాకెట్టు ముక్కలు ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా చూశారు, పాజిటివ్ అక్క ఏం చెబుతుందోనని.

"లేని ఏలు ఎట్ల నొస్తది తమ్మీ?" అని నవ్వాను. "అంతా మనసుల ఉంటది. నాకైతే ఒక్కనాడు నొయ్యలే. మెత్తటి గుడ్డ సుట్టుకో, నడువు. ఎవలడిగినా మంచిగున్న అను. అనంగ అనంగ మంచిగైతవ్. పానం మిగిలింది, దేవునికి దండం బెట్టుకో."

ఆడవాళ్లు తలలూపారు. రాజేశం నా ముఖంలోకి కాసేపు చూసి, "గట్లనా అక్కా," అని తల దించుకున్నాడు. అడిగినందుకు సిగ్గుపడ్డాడు. ఒక మీటరు తెల్ల కాటన్ చింపి అతని చేతిలో పెట్టాను.

ఇంతవరకైతే అది అబద్ధం. నలుగురి ముందు భయపడి ఆడానని ఎలాగో సర్దిచెప్పుకోవచ్చు. నేను మోస్తున్నది అది కాదు.

మూడు వారాల తర్వాత సుగుణ ఒక్కతే వచ్చింది. "అక్కా, గా మెత్తటి గుడ్డ ఇంకో రెండు మీటర్లు ఇయ్యి. తెల్లది వద్దంటాండు. మెరూన్ తెమ్మన్నడు."

నా చెయ్యి కత్తెర మీదే ఆగిపోయింది. అతను మెరూన్ ఎందుకు అడిగాడో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఊరు మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. ఎట్లున్నడని అడిగాను. "మంచిగున్న అంటాండు అక్కా, నువ్వు జెప్పినట్టే," అంది. ఇప్పుడే దవాఖానకు తీసుకుపో అని చెప్పాలి. చెబితే నీకెట్ల తెలుసని అడుగుతుంది, అడిగితే నా గుడ్డ సంగతి బయటపడుతుంది, మరిది పక్కనే ఉన్నాడు, సాయంత్రానికల్లా ఇంట్లో నాకు మంచం వేస్తారు. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టింది? రెండు మీటర్లు కొలవడానికి పట్టినంతసేపు. కొలిచాను. కత్తిరించాను. మడతపెట్టి కవరులో వేసి ఇచ్చాను.

పుండు లోపల కుళ్లింది. జ్వరంతో పడిపోయాక గానీ దవాఖానకు తీసుకెళ్లలేదు. ఈసారి మోకాలు కూడా తీసేశారు. రాజేశం మళ్లీ మగ్గం ముందు కూర్చోలేదు.

తర్వాత సుగుణ కొట్టుకు వచ్చినప్పుడు తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నానేమో కూడా. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "ఒక్కనాడు నొస్తాందనలే అక్కా. ఆఖరుదాంక మంచిగున్న అనే అన్నడు. గా ధైర్యం నువ్విచ్చిందే," అని కళ్లకద్దుకుంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

అయితే నా సంతోషమంతా నటనేనా? ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. కాదు. పొద్దున షట్టరు ఎత్తగానే వచ్చే కొత్త గుడ్డ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. బతికి బయటపడినందుకు నిజంగానే దండం పెట్టుకుంటాను. నొప్పీ ఉంటుంది, సంతోషమూ ఉంటుంది, రెండూ ఈ ఒంట్లోనే ఉంటాయి. ఆ రోజు ఈ మాటే చెప్పి ఉంటే అతనికి దారి దొరికేది. నేను సగమే చెప్పాను, అతనికి కావలసిన సగం దాచుకున్నాను. కౌంటరు వెనక నా కుర్చీ నిలబెట్టుకోవడానికి అతని మోకాలు పోనిచ్చాను. దీన్ని ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు చేతకాదు.

పోయిన నెల కాశిబుగ్గ వైపు పనిబడి వెళితే, ఇంటి ముందు చక్రాల కుర్చీలో ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి ముఖం వెలిగింది. "మంచిగున్నవా అక్కా?" అన్నాడు. "మంచిగున్న తమ్మీ," అన్నాను. ఆటోలో తిరిగొస్తూ ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఈ కాగితం అతనికి ఇస్తానో లేదో తెలియదు. ఇవ్వననే అనిపిస్తోంది. క్షమించమని అడిగితే క్షమించేస్తాడు, ఆ మంచితనాన్ని తట్టుకునే శక్తి నాకు లేదు. నవ్వి నవ్వి అలసిపోయాను. అతను స్టూలు మీద కూర్చుని అడిగినదానికి జవాబు బాకీ ఉండిపోయింది. కనీసం ఇక్కడ, ఈ ఒక్కచోట చెప్పనివ్వండి.

నొస్తది తమ్మీ. లేని ఏలు నొస్తది. నువ్వడిగిన్నాడు గూడ నొచ్చింది.