మా చిన్నమ్మ బడికి గీసిన పొడుగాటి గీత

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, లోకంలో దేన్నయినా ఒక పట్టికలో పైనుంచి కిందికి వరసగా పేర్చేయవచ్చని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఆదోనిలో ఒక చిన్న సర్వే ఆఫీసులో లెక్కల పనికి కొత్తగా చేరాను. చుట్టుపక్కల మండలాల బళ్లలో పిల్లలు తెలుగు ఏపాటి చదవగలుగుతున్నారో పరీక్షించి రిపోర్టు ఇవ్వాలి. చివరి అయిదు బళ్ల టీచర్లను పై ఆఫీసువాళ్లు పిలిపించి సంజాయిషీ అడుగుతారని ముందే చెప్పారు. ఆ మాట నాకు పెద్ద విషయంగా తోచలేదు. (మెడలో గుర్తింపు కార్డు కొత్తగా పడిన నెలలో మనిషికి ఇతరుల కష్టాలు కంటికి అంతగా ఆనవు.)

నా మకాం మా చిన్నమ్మ ఇంట్లో. ఆమె హొళగుంద వైపు ఒక పల్లెలో బడికంతటికీ ఒక్కతే టీచరు. రోజూ పొద్దున్నే నాకు బొరుగులతో ఉగ్గాని, బజ్జీలు చేసిపెట్టి బస్సెక్కేది. అన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క సంజాయిషీ మెమో కూడా అందుకోలేదని ఆమెకు లోలోపల గర్వం. రిటైరయ్యేందుకు ఇంకా రెండేళ్లుంది. పరీక్ష కాగితాలతో ఆమె బడికి నేనే వెళ్లాను. ముప్పై నాలుగు మందికిగాను ఆరుగురే కూర్చుని ఉన్నారు. మిగతావాళ్లు అమ్మానాన్నల వెంట సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోసే పనికి, వెళ్లిపోయారు. అయినా చిన్నమ్మ హాజరు పట్టీ తీసి ముప్పై నాలుగు పేర్లూ పిలిచింది. "ఈరన్నా" అంటే, ఉన్న ఆరుగురూ కలిసి "సుగ్గికి పోయినాడు మేడం" అన్నారు. "లక్ష్మీ" అంటే, "సుగ్గికి పోయింది మేడం". ఇరవై ఎనిమిది సార్లు ఇదే పాట.

నేను గడియారం చూసుకుంటూ, "లేనోళ్లను ఏంటికి పిలిచేది చిన్నమ్మా" అని గొణిగాను.

"పిలవకుంటే మర్సిపోతారప్పా" అంది. ఎవరు ఎవరిని మరిచిపోతారో నేను అడగలేదు.

ఆ ఆరుగురిలో ఇద్దరికి ఇంట్లో మాట కన్నడం. ఇంకొకడు నా కార్డు చూసి బిగుసుకుపోయి నోరే విప్పలేదు. నేను మాత్రం నిబంధన ప్రకారం వాడికి సున్నా వేసుకుని, సగటు కట్టి, బళ్లన్నిటినీ వరసగా పేర్చాను. మా చిన్నమ్మ బడి అట్టడుగున తేలింది.

ఆ కాగితాన్ని సంచిలో దాచుకుని మూడు రోజులు ఆమె చేతి తిండి తిన్నాను. బజ్జీ గొంతు దిగేది కాదంటే అబద్ధం, దిగేది. కాకపోతే తలెత్తి ఆమె మొహం చూడలేకపోయేవాణ్ణి. నాలుగో రోజు వేడి గిన్నె కింద పెట్టడానికి ఏదో ఒక కాగితం కావాలని ఆమె నా సంచిలోంచి లాగింది. చూస్తే అదే కాగితం. తన చేతి నూనె అంటిన మరక మధ్యలోంచి మెల్లగా చదువుకుంది. నాకు ఇంకో బజ్జీ వేసి, "కడగా ఉండేది నా బడేనా?" అని అడిగింది. తలూపాను. "ఆరుమందిని సూసి రాసినావు. సరేలే, నీ పని నువ్వు సేసినావు" అని బస్సుకు వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆఫీసులో మా పెద్దాయన ఉండేవాడు. వానొస్తుందా అని అడిగినా సున్నా పాయింటు నాలుగు అనేవాడు కాబట్టి మేం ఆయన్ను దశాంశం సారు అనుకునేవాళ్లం. "సార్, ఈ లెక్క మార్చల్ల. పిల్లోళ్లు బడిలో ఉంటారు, బళ్లు మండలంలో ఉంటాయి. ఆరుమంది సగటునూ ఆరువందల మంది సగటునూ ఒకేలా నమ్మకూడదు. అంచెల మోడల్ వాడదాం" అన్నాను. తక్కువ మంది ఉన్న బడిని దాని మార్కులతో మాత్రమే తేల్చేయకుండా, మిగతా బళ్లను కూడా చూసి కాస్త నెమ్మదిగా మాట్లాడే మోడల్ అది.

"మీ చిన్నమ్మ బడి కడగా వచ్చినాక నీకు ఇది గుర్తొచ్చిందా?" అన్నాడు సారు.

నేను కాగితాలు సర్దుకోబోయాను. ఆయన మాత్రం వదిలేయలేదు. బళ్ల పేర్లు చెరిపేసి నంబర్లు వేశాడు. (సుగ్గి కాలం కాబట్టి ఆరేడుగురే దొరికిన బళ్లు చాలా ఉన్నాయి, చిన్నమ్మది ఏదో పోల్చుకునే వీల్లేదు.) ప్రతి బడిలో కొందరి మార్కులు దాచిపెట్టి, మిగతావాళ్లను చూసి ఆ దాచినవాటిని ఏ మోడల్ దగ్గరగా ఊహిస్తే దాన్నే వాడాలన్నాడు. "ఎంచుకున్నాక మార్చేది లేదు. మీ చిన్నమ్మ మళ్లీ కడగా వచ్చినా సరే." వారం రోజులు ఆ పందెం నడిచింది. ఉగ్గాని కూడా సరిగా రుచించలేదు. చివరికి అంచెల మోడలే గెలిచింది.

పేర్లు తిరిగి పెట్టి చూస్తే చిన్నమ్మ బడి మధ్యలో ఎక్కడో ఉంది. బొమ్మలో ఒక్కో బడికి ఒక చుక్క; ఆమె బడి చుక్కకు అటూ ఇటూ బారెడు గీత, ఈ బడి గురించి ఇంతకన్నా గట్టిగా చెప్పలేం అని. చివరి అయిదింట్లోకి దిగింది మాత్రం ఎమ్మిగనూరులో నేను చదువుకున్న పెద్ద బడి. అక్కడ పిల్లలు బోలెడంత మంది, గీత బెత్తెడు కూడా లేదు, తప్పించుకునే దారి లేదు. ఆ బడిలో చదివినందుకే లెక్కలు ఇంత బాగా వచ్చాయని నేను ఆఫీసంతా చెప్పుకుని ఉన్నాను. దశాంశం సారు దగ్గాడంతే.

సాయంత్రం పరుగున ఇంటికి వెళ్లి, చిన్నమ్మకు మెమో రాదని చెప్పాను. ఆమె కళ్లు తడిశాయి. వెంటనే కొంగుతో తుడుచుకుని, "మరి నా బడి మంచిదేనా?" అంది.

"చెప్పలేం చిన్నమ్మా."

"సెప్పలేమనేదానికా ఇన్ని దినాలు కూసోని లెక్కేసినారు?"

గీత చూపించాను. ఎంత పొడుగుంటే మాకు అంత తెలియదని అర్థమన్నాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఆ గీత మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు నడిపింది. "అయితే సుగ్గికి పోయిన నా పిల్లోళ్లంతా ఈడ ఉండారన్నమాట" అంది.

నేను చదివిన ఏ పుస్తకమూ నాకు ఆ సంగతి అంత బాగా చెప్పలేదు. ఇప్పుడు నేనూ ఒక ఆఫీసులో పెద్దాయన్ని. కొత్తగా చేరిన పిల్లలు మెరిసే పట్టికలు తెచ్చి ముందు పెడితే, ఆ రోజు బడికి రానివాళ్ల జాబితా ఏదని అడుగుతాను. తెచ్చి ఇస్తే పేర్లన్నీ ఒక్కొక్కటే పైకి చదువుతాను. వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. నాకూ ఏదో ఒక పేరు పెట్టే ఉంటారు. అచ్చం నేను ఆ రోజు చూసుకున్నట్టే గడియారం చూసుకుంటారు. నేను మాత్రం ఆఖరి పేరు దాకా ఆపను. పిలవకుంటే మర్సిపోతాం కదా.