ఉక్కు కడ్డీకి మనోవేదన

పాత విద్యార్థులు కలిసినప్పుడల్లా 'నరసింహులు కడ్డీ' కథ చెప్పుకుని నవ్వుతారు. ఆ కడ్డీ నిజానికి నాది. చెప్పవలసిన రోజున ఆ మాట నేను చెప్పలేదు.

1967లో తార్నాక పక్కనున్న విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ట్యూటర్‌గా చేరాను. ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రయోగ రిపోర్టులు ముందు నా దగ్గరికొచ్చేవి. నేను ఎర్రసిరాతో భాష దిద్దితే, వాళ్లు శుభ్రంగా తిరగరాసి ప్రొఫెసర్‌కు ఇచ్చేవారు. చిత్తుప్రతి చెత్తబుట్టలోకి పోయేది. అందువల్ల నా ఘనకార్యాలు బయటపడేవి కావు.

నరసింహులు ఉక్కు కడ్డీని యంత్రంలో బిగించి, తెగేదాకా లాగిన ప్రయోగం గురించి రాశాడు. పేజీ నిండా 'స్ట్రెస్' అనే మాటే. ఒకే మాట పదేపదే వాడటం మోటని నా చదువు. ఒకచోట 'స్ట్రెయిన్' పెట్టాను, ఇంకోచోట 'టెన్షన్'. కడ్డీ తెగే ఘట్టంలో ఉండబట్టలేక 'యాంగ్విష్', అంటే మనోవేదన, అని రాశాను.

"ఇది కడ్డి సార్, దీనికి మనసేడుంటది?" అన్నాడు నరసింహులు.

"ముందు ఇంగ్లీషు నేర్చుకోవయ్యా," అన్నాను.

అతను నేను దిద్దినట్టే తిరగరాసి ఇచ్చాడు. తరగతి అందరి ముందు జరిగిన మౌఖిక పరీక్షకు నేనూ వెళ్లాను. ప్రొఫెసర్ ఆ వాక్యం పైకి చదివి, "ఏమయ్యా, ఈ కడ్డీకి సంసారం ఉందా?" అన్నారు. గది ఘొల్లుమంది. నేనూ నవ్వాను.

ఇంజనీరుకు స్ట్రెస్ అంటే లోహంలో చదరపు అంగుళానికి ఇంతని పడే బలం. స్ట్రెయిన్ అంటే దానివల్ల లోహం ఎంత సాగిందన్న లెక్క. టెన్షన్ అంటే లాగుడు. మనిషి దిగులు గురించి రాసేటప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి సరిపోవచ్చు, కడ్డీకి సరిపోదు. ఈ తేడా తెలియనివాణ్ణి డ్యాం పనికి పంపలేనని, అక్కడ జరిగే సెలవుల శిక్షణ నుంచి ప్రొఫెసర్ అతని పేరు తీసేశారు. తీసేసే ముందు, ఈ మాట నీదా, దిద్దినవాళ్లదా అని అతన్ని అడిగారు. నరసింహులు నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను.

మరుసటేడు తార్నాకలో చాయ్ తాగుతూ కనిపించాడు. కోపంగా లేడు, అదే ఇబ్బంది పెట్టింది.

"సార్, మా అమ్మ ఉప్పును దినాం ఉప్పే అంటది. మీరు వంట జేస్తే పూటకో పేరు పెడ్తరేమో!"

ఒక వస్తువుకు ఒక పేరు పెట్టాక రిపోర్టు చివరిదాకా అదే వాడాలని నేను నేర్చుకున్నది అలా. ఆ వారమే ప్రొఫెసర్ అనుమతితో అతని తరగతిలో నిలబడ్డాను.

"పోయినేడు మీరు నవ్విన మాట నేను రాసింది. నరసింహులు సరిగ్గానే రాశాడు. ఆ రోజు నోరు విప్పనందుకు నన్ను క్షమించు, నరసింహులూ."